ఇళ్ల సమస్య మీద ఇండిపెండెంట్‌గా ఎమ్మెల్యేకి నిలబడొచ్చా?

పేదలకు ఇళ్లు, బస్తీల్లో ఐక్యత అనే రెండు మాటలతో ఇండిపెండెంట్‌గా పోటీ చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. 2023 తెలంగాణ ఎన్నికల్లో మా స్నేహితుడు హైదరాబాద్‌లో ఇలాగే నిలబడితే నేను ఎలక్షన్ ఏజెంట్‌ని. డిపాజిట్ పోయింది, ముందే చెప్పేస్తున్నా.

కాగితాల పని కష్టం కాదు. 25 ఏళ్లు నిండాలి, డిపాజిట్ 10 వేలు (ఎస్సీ, ఎస్టీలకు 5 వేలు), ఖర్చుల కోసం విడిగా బ్యాంకు ఖాతా. ఇండిపెండెంట్‌ని పదిమంది ప్రతిపాదించాలి, వాళ్లంతా ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. మా పదిమందిలో ఒకావిడ ఓటు పక్క నియోజకవర్గంలో ఉందని చివరి రోజు తేలింది, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఒకే డిపాజిట్ మీద నాలుగు సెట్ల నామినేషన్ పత్రాల దాకా వేయొచ్చు, కనీసం రెండు వేయండి.

అసలు చిక్కు ప్రచారంలో మొదలైంది. ఇల్లు అనగానే జనం అడిగేది ఒక్కటే: "లిస్టులో నా పేరుందా?" ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూం ఇళ్లకు ఒకే గల్లీలో నలుగురు దరఖాస్తు పెడితే లాటరీలో ఒకరికి వచ్చింది. మిగతా ముగ్గురూ ఆ ఇంటివాళ్లతో మాట్లాడటం మానేశారు. అక్కడికెళ్లి ఐక్యత అంటే ఎవరు వింటారు? సొంత జాగా ఉంటే ఇల్లు కట్టుకోవడానికి 3 లక్షలిస్తామని అప్పటి ప్రభుత్వం చెప్పిన గృహలక్ష్మి పథకం గురించి చెబితే, "జాగా ఉంటే అద్దెకెందుకుంటాం అన్నా?" అన్నారు.

రెండో వారంలో మావాడు ఆ రెండు నినాదాలూ పక్కనపెట్టి, బస్తీవాళ్ల మాటలు వినడం మొదలుపెట్టాడు. నగరం చివర కొల్లూరులో 15,660 ఇళ్లు కట్టారు కదా, అంత దూరంలో ఇల్లొస్తే ఇళ్లల్లో పనికి, అడ్డాకూలీకి పొద్దున్నే ఎలా రావాలన్నది వచ్చినవాళ్ల బాధ, రానివాళ్ల భయం కూడా. పని దగ్గర ఇల్లు కావాలన్నప్పుడే రెండు వర్గాలూ ఒక అరుగు మీద కూర్చున్నాయి. మీరు కూడా అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

ఇంకొకటి, ఓటరు లిస్టు ముందే చూసుకోండి. మా మీటింగులకు బాగా వచ్చింది అద్దెకుండేవాళ్లే. నవంబర్ 30న పోలింగ్ రోజు వెళ్లి చూస్తే సగం గదులకు తాళాలు. ఓట్లు ఊళ్లో ఉన్నాయట, ముందురోజు రాత్రే బస్సెక్కేశారు.