కిడ్స్ క్లబ్ ఫ్రీ అని నాలుగున్నర లక్షల అప్పు చేయొద్దు

ప్రశ్న (2022 జూన్‌లో వచ్చిన మెయిల్‌లో కొంత భాగం): అన్నా, మేం కూకట్‌పల్లిలో ఉంటాం. నాకు 36, సాఫ్ట్‌వేర్ జాబ్, చేతికి నెలకి 1,20,000 వస్తుంది. పాపకి 8, బాబుకి 3. 2020 ఏప్రిల్‌లో గోవా ట్రిప్ బుక్ చేస్తే లాక్‌డౌన్ వల్ల పోయింది, ఏజెంట్ 35,000కి క్రెడిట్ నోట్ (తర్వాతి బుకింగ్‌లో వాడుకునే చీటీ) ఇచ్చాడు. ఇప్పుడు దసరా సెలవులకి మాల్దీవ్స్‌లో 5 రాత్రుల ప్యాకేజీ చెప్తున్నాడు, ఆ 35,000 తీసేసి ఫ్లైట్లతో కలిపి 4,60,000. జూలై 31 లోపు బుక్ చేస్తేనే క్రెడిట్ నోట్ చెల్లుతుందంట. రిసార్ట్‌లో కిడ్స్ క్లబ్ మళ్ళీ తెరిచారు, ఫ్రీ అంటున్నారు, మాక్కూడా కొంచెం రెస్ట్ దొరుకుతుందని ఆశ. పర్సనల్ లోన్ 3 లక్షలు 14 శాతానికి ప్రీ అప్రూవ్డ్ ఉంది, మిగతాది క్రెడిట్ కార్డ్‌లో 12 నెలల ఈఎంఐ పెడదామనుకుంటున్నా. లేదంటే మాల్‌లో ఒక వెకేషన్ క్లబ్ వాళ్ళు 25 ఏళ్ల మెంబర్‌షిప్ చెప్పారు. ఏది బెటర్? హోమ్ లోన్ ఈఎంఐ 38,000, కార్‌ది 11,000, మొత్తం మీద నెలకి లక్ష ఖర్చవుతుంది. పోయినేడు నాన్నకి కరోనా వచ్చి బిల్లు 6 లక్షలు దాటింది, పీఎఫ్ తీశాం, నగలు పెట్టి తెచ్చిన గోల్డ్ లోన్ 2,40,000 ఇంకా ఉంది. బ్యాంక్‌లో 70,000 ఉంది. సెప్టెంబర్‌లో బోనస్ 1,50,000 చేతికొస్తుంది.

జవాబు: తమ్ముడూ, రెండిట్లో ఏదీ వద్దు. మీ ఒక్కరికే అయితే మెయిల్‌లో చెప్పేసేవాణ్ని. కానీ ఈ వేసవి మొదలైన దగ్గర్నుంచి నాకు వస్తున్న ప్రశ్నల్లో సగం ఇలాంటివే. రెండేళ్ళు పిల్లల్ని ఇంట్లో కట్టేసినట్టు ఉంచాం, ఆన్‌లైన్ క్లాసులతో వాళ్ళ బాల్యం పోయింది, ఇప్పుడైనా ఎక్కడికన్నా తీసుకెళ్ళాలి అని అందరూ ఒకటే మాట. ఆ బాధ నిజం, నేను కాదనను. 2022 మార్చి 27 నుంచి ఇంటర్నేషనల్ ఫ్లైట్లు మామూలుగా తిరుగుతున్నాయి, రిసార్ట్‌లు తెరిచేశాయి, ఫోన్ తెరిస్తే అందరి ఫోటోలూ బీచ్‌లోనే. అయితే కరోనాలో ఖాళీ అయిపోయిన ఎమర్జెన్సీ ఫండ్‌ని ఒక్కరు కూడా మళ్ళీ నింపలేదు, నింపకుండానే ముందు ట్రిప్‌కి అప్పు అడుగుతున్నారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

మీ లెక్కే చూడండి. నెలకి లక్ష ఖర్చు, బ్యాంక్‌లో 70,000. అంటే జీతం ఆగితే మీ ఇల్లు నడిచేది 21 రోజులు. పోయినేడు ఏప్రిల్, మేలో ఆస్పత్రి వాళ్ళు అడ్మిషన్‌కే అడ్వాన్స్ కట్టమంటే మీరు ఎంత పరిగెత్తారో మీ మెయిల్‌లో నాలుగు లైన్లు రాశారు, చదివితే నాకే గుండె బరువెక్కింది. ఆ రోజు మిమ్మల్ని కాపాడినవి రెండు, పీఎఫ్ డబ్బు, మీ ఆవిడ నగలు. ఇవాళ ఆ రెండూ లేవు. పీఎఫ్ తీసేశారు, నగలు తాకట్టులో ఉన్నాయి. అంటే 2021లో ఉన్నంత భద్రత కూడా ఇప్పుడు మీకు లేదు, పైన ఇంకో రెండు అప్పులు పెడతానంటున్నారు.

ఈఎంఐలు కూడా వేసి చూపిస్తా. 3 లక్షలు 14 శాతానికి మూడేళ్ళు అంటే నెలకి సుమారు 10,250, ప్రాసెసింగ్ ఫీజు వేరే, వడ్డీయే 69,000 దాకా పోతుంది. కార్డ్ మీద 1,60,000 ఏడాదికి పెడితే 15 శాతం వేసుకున్నా నెలకి 14,400. రెండూ కలిపితే 24,650. మీకు నెలకి మిగిలేది 20,000. అప్పుడు ప్రతి నెలా 4,650 ఎక్కడ్నుంచి వస్తుంది? మళ్ళీ కార్డ్ నుంచే వస్తుంది, మినిమమ్ డ్యూ కట్టి మిగతాది వదిలేస్తారు, దాని మీద నెలకి మూడు, మూడున్నర శాతం పడుతుంది, అంటే ఏడాదికి 40 శాతం చుట్టుపక్కల. ఇలా మొదలై మూడు కార్డుల దాకా పోయిన ఇళ్ళు నా దగ్గరికి చాలా వచ్చాయి, అందరూ చదువుకున్నవాళ్ళే, అందరికీ మంచి జీతాలే. ప్రీ అప్రూవ్డ్ అని బ్యాంక్ పంపే మెసేజ్‌కి అర్థం మీరు కట్టగలరని కాదు, మీ దగ్గర వసూలు చేసుకోగలమని వాళ్ళకి నమ్మకం ఉందని. తిరిగొచ్చేసరికి అయిపోయే సెలవుకి మూడేళ్ళు అప్పు కట్టే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి.

హోమ్ లోన్ ఈఎంఐ మారలేదు కాబట్టి నాకేం తేడా లేదు అని కూడా రాశారు. తేడా ఉంది. ఆర్‌బీఐ రెపోని (బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీ రేటు) 2022 మే 4న 0.40 శాతం, జూన్ 8న 0.50 శాతం పెంచింది. మీది రెపోకి లింక్ అయిన లోన్, ఈఎంఐ అంతే ఉంచి బ్యాంక్ వాళ్ళు గడువు పెంచేస్తారు. ఉదాహరణకి 50 లక్షలు 20 ఏళ్ళకి 6.75 శాతంలో తీసుకుంటే ఈఎంఐ 38,000, అదే వడ్డీ 7.65 అయి ఈఎంఐ మారకపోతే 240 నెలల లోన్ 287 నెలలవుతుంది. దాదాపు నాలుగేళ్ళు ఎక్కువ. బ్యాంక్ యాప్‌లో మీ లోన్ ఎప్పుడు అయిపోతుందో ఈ రాత్రికే తెరిచి చూడండి.

ఇప్పుడు మీరు ఆశపడుతున్న ఆ కిడ్స్ క్లబ్ సంగతి. మీ ప్లాన్ అంతా దాని మీదే ఉంది, అందుకే కొంచెం వివరంగా చెప్తా. చాలా రిసార్ట్‌ల్లో కిడ్స్ క్లబ్ 4 ఏళ్ళ నుంచి 12 ఏళ్ళ వాళ్ళకే. మీ పాప వెళ్తుంది, బాబుకి 3 ఏళ్ళే, వాణ్ని ఒక్కణ్నే తీసుకోరు, మీరో మీ ఆవిడో పక్కన కూర్చోవాలి, లేదంటే గంటకి ఇంత అని డాలర్లలో కట్టి ఆయాని పెట్టుకోవాలి. అంటే మీరిద్దరూ రెస్ట్ తీసుకోవడం కోసం కట్టే 4,60,000లో ఆ రెస్టే లేదు. ఏజెంట్ ఈ ముక్క చెప్పాడా? ఇంకోటి, కరోనాలో మాల్దీవ్స్ 2020 జూలై 15కే బోర్డర్ తెరిచింది కానీ ఇలాంటి చోట్ల గదులు ముందు తెరుచుకుంటాయి, పిల్లలు గుమిగూడే ప్లే రూములు, బాల్ పిట్లు ఆ తర్వాతెప్పుడో. తెరిచిన చోట కూడా కరోనా తర్వాత ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది, బ్యాచ్‌కి ఇంతమందే అని లిమిట్ పెట్టారు, ఫేస్ పెయింటింగ్ లాంటివి ఆపేసి ఇసుక గూళ్ళు, చేపలకి మేత, ట్రెజర్ హంట్ లాంటి బయటి ఆటలే పెట్టినవాళ్ళు ఉన్నారు. బ్రోచర్‌లో ఫోటోలు 2019వి కూడా కావచ్చు. ఎప్పుడు వెళ్ళినా, ఏ రిసార్ట్‌కైనా, డబ్బు కట్టకముందే రిసార్ట్‌కి డైరెక్ట్‌గా మెయిల్ పెట్టి వయసు, టైమింగ్స్, స్లాట్లు, మూడేళ్ళ పిల్లాడి సంగతి రాతలో తెప్పించుకోండి.

ప్యాకేజీ ధర కూడా అంతటితో అయిపోదు. ఆ రేటులో 10 శాతం సర్వీస్ ఛార్జ్, టూరిజం జీఎస్టీ (2022లో 12 శాతం) కలిశాయో లేదో చూడండి. గ్రీన్ ట్యాక్స్ 2022లో మనిషికి రాత్రికి 6 డాలర్లు, నలుగురికి 5 రాత్రులంటే 120 డాలర్లు, 2022 జూన్‌లో డాలర్ 78 దాటింది కాబట్టి 9,000 పైనే. మాలే నుంచి రిసార్ట్‌కి స్పీడ్ బోటో సీప్లేనో తలకి వేరే ఛార్జ్ ఉంటుంది, సీప్లేన్ పగలే తిరుగుతుంది, మీ ఫ్లైట్ సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలేలో ఇంకో హోటల్. అక్కడ కార్డ్ గీకితే చాలా కార్డులకి మూడున్నర శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులోకి మార్చినందుకు అదనపు ఛార్జ్), దాని మీద జీఎస్టీ. ఇక్కడ ఓవర్సీస్ ప్యాకేజీ కొన్నప్పుడు టీసీఎస్ (అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను, 2022లో 5 శాతం) పడుతుంది, అది రిటర్న్‌లో సర్దుకుంటుంది కానీ ఇప్పుడు మాత్రం మీ జేబులోంచే పోవాలి. పైగా దసరా టైమ్‌కి అక్కడ నైరుతి వానలు ఇంకా పోవు.

అన్నిటికంటే అసలు విషయం, 2021 మే 13 నుంచి జూలై 15 దాకా మాల్దీవ్స్ మన ఇండియా టూరిస్టులకి వీసాలు ఆపేసింది గుర్తుందా. ఆ ఏడాది అక్కడికి వెళ్ళినవాళ్ళలో మనవాళ్ళే మొదటి స్థానం, అయినా ఆపారు. సొంత డబ్బుతో బుక్ చేసుకున్నవాడికి అలాంటప్పుడు ట్రిప్ పోతుంది, అంతే. అప్పుతో బుక్ చేసుకున్నవాడికి ట్రిప్ పోయి ఈఎంఐ మిగులుతుంది.

వెకేషన్ క్లబ్ గురించి ఒకటే మాట. ఇద్దరూ కలిసి రావాలి, గిఫ్ట్ వోచర్ ఇస్తాం, సాయంత్రంలోపు సంతకం పెడితేనే ఈ రేటు అనే చోట సంతకం పెట్టకండి. 25 ఏళ్ళు ఏటా మెయింటెనెన్స్ ఫీజు కడుతూ ఉండాలి, అది పెరుగుతూ ఉంటుంది, మనకి సెలవులు దొరికినప్పుడు రూములు దొరకవు, అమ్ముకుందామంటే కొనేవాళ్ళుండరు.

మరి ఏం చేయాలి అంటే, ముందు ఫండ్. మీకు ఈఎంఐలతో కలిపి 6 నెలల ఖర్చు, అంటే 6 లక్షలు ఉండాలి. అంత ఒకేసారి కుదరదు, మూడు నెలలది మొదటి మెట్టు అనుకోండి. ఇప్పుడున్న 70,000 ముట్టుకోవద్దు. జూలై, ఆగస్టు, సెప్టెంబర్ మిగిలే 20,000 అలాగే వేస్తే 1,30,000. బోనస్‌లో 1,10,000 కలిపితే 2,40,000. ఇంకో మూడు నెలలు 20,000 చొప్పున వేస్తే డిసెంబర్‌కల్లా 3 లక్షలు. జీతం పడే అకౌంట్‌లో మాత్రం ఉంచొద్దు, అక్కడుంటే ఖర్చయిపోతుంది. వేరే బ్యాంక్‌లో స్వీప్ డిపాజిట్‌గా (ఖాతాలో మిగిలింది ఎఫ్‌డీగా మారి, కావాలన్నప్పుడు వెనక్కొచ్చేది) సగం, లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా తీసుకోగలిగే, రిస్క్ తక్కువ మ్యూచువల్ ఫండ్) సగం, అకౌంట్ ఇద్దరి పేరు మీదా ఉండాలి, మీరు ఐసీయూలో ఉంటే మీ ఆవిడ తీయగలగాలి కదా. పోయినేడు ఎంతమంది ఆడవాళ్ళు భర్త ఫోన్ పాస్‌వర్డ్ తెలియక ఆస్పత్రి బయట కూర్చున్నారో నేను విన్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

జనవరి నుంచి ఆ 20,000 గోల్డ్ లోన్‌కి మళ్ళించండి. ఏటా వడ్డీ కట్టి రెన్యూ చేస్తూ పోవడం ఆపండి, అసలులో కట్టండి. 2023 సెప్టెంబర్ దాకా 1,80,000, ఆ ఏడాది బోనస్ నుంచి 60,000, నగలు ఇంటికొస్తాయి. ఆ తర్వాత మిగతా మూడు నెలల ఫండ్. మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలనెలా కొంత పెట్టడం) గురించి కూడా మెయిల్‌లో అడిగారు, అది దీని తర్వాతే.

ఇక అమ్మానాన్నలకి హెల్త్ పాలసీ. 6 లక్షల బిల్లు కట్టాక కూడా తీసుకోలేదు అంటే ఏమనాలి? మీ కంపెనీ కవర్‌లో వాళ్ళు లేరు, నాన్నకి షుగర్ ఉంది, పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ (అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు) ఉంటుంది కాబట్టి ఎంత ఆలస్యం చేస్తే అంత నష్టం. షుగర్ ఉన్నట్టు ఫారంలో రాయండి, దాచొద్దు, క్లెయిమ్ అప్పుడు అదే పట్టుకుంటారు. రూమ్ రెంట్ లిమిట్ లేనిది చూడండి. ప్రీమియం వల్ల గోల్డ్ లోన్ రెండు మూడు నెలలు వెనక్కి పోతే పోనివ్వండి. మీ పేరు మీద టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే బీమా) కూడా లేదు, హోమ్ లోన్ మొత్తానికి తక్కువ కాకుండా ఈ నెలలోనే తీసుకోండి.

పిల్లల ట్రిప్ వద్దనట్లేదు. బోనస్‌లో మిగిలిన 40,000 దానికే. దసరాకి కాకుండా సంక్రాంతి సెలవులకి పెట్టుకోండి, అక్టోబర్, నవంబర్ మన తీరానికి తుఫాన్ల సీజన్, 2014లో హుద్‌హుద్ విశాఖని తాకింది అక్టోబర్ 12నే. బాపట్ల సూర్యలంకలో ఏపీ టూరిజం రిసార్ట్ ఉంది, రైలు దిగి ఆటోలో పోవచ్చు. విశాఖ రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. రెండు చోట్లా లైఫ్ గార్డ్ ఉన్న దగ్గరే పిల్లల్ని నీళ్ళలోకి దించండి, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. కిడ్స్ క్లబ్‌లో ఆయా ఆడించే ఇసుక గూళ్ళు, గవ్వల వేట మీరే ఆడించండి, మూడేళ్ళవాడికి మీరే కావాలి. కిడ్స్ క్లబ్ ఉన్న గోవా రిసార్ట్ 2024 వేసవికి పెట్టుకోండి, అప్పటికి బాబుకి నాలుగు దాటుతాయి, నగలు కూడా ఇంట్లో ఉంటాయి.

చివరగా ఆ 35,000. అది పోతుందన్న భయంతోనే మీరు 4,60,000 దాకా వచ్చారు. అందులో ఫ్లైట్ టికెట్ల భాగం ఎంతో ఏజెంట్‌ని మెయిల్‌లో అడగండి. లాక్‌డౌన్‌లో క్యాన్సిల్ అయిన విమాన టికెట్ల డబ్బు వాపసు మీద సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న తీర్పు ఇచ్చింది, క్రెడిట్ షెల్ (ఎయిర్‌లైన్ దగ్గరే తర్వాతి టికెట్‌కి ఉంచిన డబ్బు) గడువు 2021 మార్చి 31తో అయిపోయాక వాడని డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందే. హోటల్ భాగానికి ఆ తీర్పు వర్తించదు, దానికి గడువు పెంచమని అడగండి, జూలై 31 అని ముందు నుంచీ రాసుందో లేదో నోట్ మీద చూడండి. బుకింగ్ నంబర్, కట్టిన రసీదు, పాత మెయిల్స్ ఒక దగ్గర పెట్టుకుని వారంలో జవాబు రాకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టండి.