అనన్య అని పెట్టే ముందు

చి. ల. సౌ. మేనకోడలికి ఆశీస్సులు.

పాపకి అనన్య అని పెడదామనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. పిలవడానికి తేలిక, అర్థం గట్టిది. పేర్ల పుస్తకాలు 'సాటిలేనిది' అని ఒక్కమాటలో తేల్చేస్తాయి గానీ అసలు అర్థం అంతకంటే లోతు. 'న', 'అన్య' కలిస్తే అనన్య: మరొకటి లేనిది, ఇంకోవైపు పోనిది. గీతలో 'అనన్యాశ్చింతయంతో మాం' (9-22) అందరికీ తెలిసిందే. ఆడపిల్ల పేరుకి ఇంకా దగ్గరది 8-22లో ఉంది, 'భక్త్యా లభ్యస్త్వనన్యయా' అని. అక్కడ అనన్య అనేది భక్తికే విశేషణం. బారసాలలో ఎవరడిగినా ఇదే చెప్పు.

'అ' కృత్తిక మొదటి పాదం అక్షరం. పాప నక్షత్రం వేరైతే జన్మనామం వేరేది బియ్యంలో రాయించండి. కాగితాల్లోకి మాత్రం అనన్య ఒక్కటే వెళ్లాలి.

ఇప్పుడు ఒడియా సంగతి. మీరు ఒడిశాలో పర్లాకిమిడిలో ఉన్నా బరంపురంలో ఉన్నా అంగన్‌వాడీ పుస్తకం నుంచి బడి రిజిస్టరు దాకా పాప పేరు ఆ లిపిలో పడుతుంది. మనం తెలుగులో చివర పొట్టిగా 'అనన్య' అని రాస్తాం. ఒడియాలో ఆడపిల్ల పేరుకి చివర దీర్ఘం ఉండాలి, 'అనన్యా' అని. మన రాతని అక్షరానికి అక్షరం దించితే ఆ దీర్ఘం పోయి మగపిల్లాడి పేరులా చదువుతారు. న కింద య ఒత్తు జారిపోతే పేరే మారిపోతుంది. పిలవడంలో 'ఒనొన్యా' అని వినిపిస్తే కంగారు పడకు, వాళ్ల 'అ' పలికే తీరే అది.

జోడు పేరు వద్దనే నా మాట. వైష్ణవి, వసుధ లాంటివి చేరిస్తే ఒడియాలో 'వ' బదులు 'బ' రాస్తారు, అది చూసి ఇంగ్లీషులోకి తిప్పేవాళ్లు బి అక్షరం వేస్తారు. ఇంగ్లీషులో ఆరక్షరాలు చాలు: ఎ, ఎన్, ఎ, ఎన్, వై, ఎ. సంఖ్యాశాస్త్రం కోసం చివర ఇంకో ఎ తగిలించకండి. ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే ఆధార్‌కీ పదో తరగతి సర్టిఫికెట్‌కీ పొంతన కుదరదు.

ఈ పేరు ఇప్పుడు ఒడియా, బెంగాలీ, హిందీ, కన్నడ ఇళ్లలోనూ బాగా వినిపిస్తోంది. ఒకే తరగతిలో ఇద్దరు ముగ్గురు అనన్యలు ఉంటే తేడా తెలిపేది ఇంటిపేరే. దాన్ని పొడి అక్షరంగా ఇవ్వకండి, పూర్తిగా రాయండి. ఇక్కడి ఫారాల్లో అది చివర వస్తుంది. పాస్‌పోర్టుకి పొడి అక్షరాలు పనికిరావు, అప్పుడు విడదీసి రాస్తే పాత కాగితాలతో కలవదు.

పుట్టిన 21 రోజుల్లోపు నమోదైతే రుసుము లేదు. అప్పటికి పేరు తేలకపోతే ఆ గడి ఖాళీగా వదలొచ్చు. నమోదైన 12 నెలల్లోపు ఉచితంగా, తరువాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. తొందరలో తప్పు పేరు ఇవ్వడం కంటే ఇదే మేలు. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టినవాళ్లకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ నమోదుతో వచ్చే జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం.

నోటితో చెప్పి రాయించవద్దు. ఒక కాగితం మీద తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలో పెద్దక్షరాలతో రాసి ఇవ్వండి. పత్రం అందగానే అక్కడే నిలబడి చదువుకోండి. ఒడియా రాతలో అనుమానముంటే ఫోటో తీసి నాకు పంపు, చూసి చెబుతాను.

నీ మేనత్త