మిద్దె మీది గూబకు శాంతి చేయించాలా?

పశువైద్యుడిగా రిటైరైన మా కాలమిస్టు పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. ఈమధ్య ఒక రాత్రి కరెంటు పోతే అందరం మిద్దె మీద పడుకున్నాం. నడిరేయి మెలకువ వచ్చి చూస్తే నీళ్ల ట్యాంకు మీద తెల్లటి ముఖంతో పెద్ద పిట్ట కూర్చుని నావైపే చూస్తోంది. లేచి కూర్చోగానే రెక్కల చప్పుడైనా లేకుండా నా తల మీదుగా పోయింది. అది చావుపిట్ట, శాంతి చేయించాలి, లేదంటే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి అంటోంది మా అత్తమ్మ. మా పాపేమో దాన్ని మళ్లీ చూడాలని రోజూ రాత్రి టార్చిలైటు పట్టుకుని మిద్దె ఎక్కుతోంది. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్‌గా ఉంది. మీకెప్పుడైనా ఇలా ఎదురుపడిందా?
– ఒక పాఠకురాలు, గుత్తి

జవాబు: శాంతి ఖర్చు మిగుల్చుకోండమ్మా. మీ ట్యాంకుకు మూత లేకపోతే ఆ డబ్బుతో మూత వేయించండి. నీళ్ల కోసం ట్యాంకులో దిగి, పైకి రాలేక చచ్చిపోయిన గూబలను నా సర్వీసులో చూశాను.

మీరు చూసింది బార్న్ ఔల్ అనే తెల్ల గూబ. నిలువునా కోసిన ఆపిల్ ముక్కలా ఉంటుంది దాని ముఖం. ఆ ముఖం చప్పుడును పోగుచేసి చెవుల్లోకి పంపుతుంది. చెవి రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైకి, ఒకటి కిందికి. అందుకే ఎలుక ఏ మూల కదిలినా కటిక చీకట్లో కూడా పసిగట్టగలదు. రెక్కల ముందు అంచు ఈకలకు సన్నటి పళ్లుంటాయి. అవి గాలి చప్పుడును తగ్గించేస్తాయి కాబట్టే మీకు ఏమీ వినపడలేదు. ఇక మీవైపే చూసిందంటారా, దానికి వేరే దారి లేదు. మనలాగా కనుగుడ్లు పక్కకు తిప్పలేదు. దేన్ని చూడాలన్నా తలంతా తిప్పాల్సిందే. మన మెడలో 7 ఎముకలుంటే దాని మెడలో 14. ఒక పక్కకు 270 డిగ్రీల దాకా తిప్పుతుంది.

మీ ఇంటికి అది వచ్చింది ఎలుకల కోసం. దగ్గర్లో శెనక్కాయల గోదాము గానీ మిల్లు గానీ ఉందేమో చూడండి. చావుపిట్ట అన్న పేరు ఎందుకొచ్చిందో నాకు తోచింది చెబుతాను. అది కూయదు, గీపెట్టి అరుస్తుంది. రోజూ అరుస్తూనే ఉంటుంది, మనం నిద్రలో ఉంటాం. ప్రాణం మీదికొచ్చిన మనిషి ఉన్న ఇంట్లో మాత్రం రాత్రంతా మేలుకుని ఉంటారు, వాళ్ల చెవిన పడుతుంది. తెల్లారి జరిగిందంతా ఆ పిట్ట ఖాతాలో వేస్తారు. మీ అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. బెంగాల్లో లక్ష్మీదేవి పక్కన తెల్ల గూబను పెట్టి మరీ పూజ చేస్తారని మాత్రం చెప్పండి. లక్ష్మి పేరు చెబితే మా ఇంట్లో పెద్దవాళ్లు మెత్తబడ్డారు.

నాకు ఎదురుపడలేదా అన్నారు. ఉరవకొండ వైపు పనిచేసేటప్పుడు ఒక రాత్రి, ఈనలేక అవస్థ పడుతున్న ఎనుమును చూసి స్కూటరు మీద వస్తున్నాను. తల్లీ దూడా దక్కాయి, నేనూ హుషారుగా ఉన్నాను. మలుపు తిరగ్గానే కల్వర్టు గోడ మీద కొండగూబ. నెత్తిన కొమ్ముల్లా రెండు ఈకల కుచ్చులు, లైటు వెలుగులో నారింజ రంగు కళ్లు. బండి ఆపి లైటు ఆర్పేశాను. కాస్త వెన్నెల ఉంది. దాని కాలి కింద ఎలుక. వంగి, తల వైపు నుంచి మొదలుపెట్టి గుటుక్కున మింగింది. తోక మాత్రం కొద్దిసేపు ముక్కు పక్కన వేలాడింది, ఇంకో గుటకకు అదీ పోయింది.

మర్నాడు అదే దారిన పోతూ కల్వర్టు కింద బొటనవేలంత బూడిదరంగు ఉండ ఒకటి తెచ్చుకున్నాను. గూబలు అరగని బొచ్చునూ ఎముకలనూ అలా ఉండ చేసి కక్కేస్తాయి. ఆసుపత్రి టేబుల్ మీద పేపరు పరిచి ఫోర్సెప్స్‌తో విప్పితే ఎలుక దవడ, దానికి పసుపుపచ్చటి ముందరి పళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మా అటెండరు ముక్కు మూసుకుని బయటికి పోయాడు గానీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

పాపను మిద్దె ఎక్కనివ్వండి. టార్చిలైటు మాత్రం వద్దు, దాని కళ్లకు అది పెద్ద బాధ. ట్యాంకు దగ్గరికి పోకుండా పడుకున్నచోటే చాప మీద ఉండమనండి. వస్తే వస్తుంది.

ప్రశ్న: సార్, మా ఊరి బయట పాడుబడ్డ నాపరాయి గనిలో నడుస్తుంటే కాళ్ల దగ్గర్నుంచి పేద్ద గుడ్లగూబ లేచింది. చూస్తే రాతి అరుగు మీద ఉత్త మట్టిలో తెల్లటి గుడ్లు! ఆదివారం ఫ్రెండ్స్‌తో పోయి వీడియో తీసి ఇన్‌స్టాలో పెడదామనుకుంటున్నా. ఏ లెన్స్ బాగుంటుంది?
– ఒక విద్యార్థి, ఎర్రగుంట్ల

జవాబు: ఏ లెన్సూ వద్దు నాయనా, పోవద్దు. అది కొండగూబ. గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెట్టి నెల రోజులకు పైగా పొదుగుతుంది. నువ్వు మొదటిసారి పోయింది తెలియక, అది నీ అదృష్టం. మళ్లీ గుంపుగా పోతే అది లేచిపోతుంది, ఎండకు రాయి కాలి గుడ్లు పాడవుతాయి, లేదా కాకులు చూస్తాయి. వీడియో సంగతి ఇంకా ఘోరం. దీపావళి వస్తోందంటే క్షుద్రపూజలకని గూబలను పట్టి అమ్మేవాళ్లున్నారు. వాళ్లకు నువ్వే దారి చూపినట్టవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గూబను పట్టినా, గుడ్డు తీసినా జైలే. చూసింది నోట్‌బుక్‌లో రాసుకో. తేదీ, ఎన్ని గుడ్లు, పిట్ట ఎటు పోయింది, అన్నీ.

ప్రశ్న: చేను గట్టున వేపచెట్టు తొర్రలోంచి చిన్న గూబపిల్ల కింద పడింది. పాలు పోస్తున్నాం, తాగడం లేదు.
– ఒక రైతు, ఆదోని

జవాబు: పాలు వెంటనే ఆపండి, పిట్టలకు పాలు అరగవు. నీళ్లు కూడా నోట్లో పోయొద్దు. రెక్క వేలాడకుండా ఉంటే పొద్దు గూకే వేళకు అదే తొర్రలోనో పక్క కొమ్మ మీదో పెట్టి, కుక్కలూ పిల్లులూ రాకుండా చూసి దూరంగా జరగండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది ఉత్తమాట. దెబ్బ తగిలుంటే అట్టపెట్టెకు బొక్కలు పెట్టి, అందులో ఉంచి ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయండి. ఇంకొకటి, చేలో ఎలుకల మందు పెట్టి ఉంటే, చచ్చిన ఎలుకలను పొద్దున్నే ఏరి గొయ్యి తీసి పూడ్చండి. మందు తిన్న ఎలుకను తింటే గూబకూ అదే గతి పడుతుంది.