పాఖాల మీటప్: నిప్పు, కత్తి పని ఎక్కడ నేర్పాలి?

అన్నా, 20 మందికి పాఖాల అడవిలో నిప్పు రాజేసుడు, కత్తి పని నేర్పిస్తమన్నరు. అక్కడ వద్దు. అది అభయారణ్యం, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దానికి ముప్పు వచ్చేటట్టు నిప్పు పెడితే నేరం. నర్సంపేట దిక్కు తెలిసినోళ్ల చెలక అడగండి. జనవరి అయితే మంచిది, పత్తి కట్టె కూడా దొరుకుతది.

ఐదుగురికో జట్టు, జట్టుకో నేర్పేటాయన, ఒక్కటే కత్తి. చెక్కేటప్పుడు చుట్టూ రెండు బారల దూరంల ఎవరూ ఉండొద్దు.

చాలామందికి నిప్పు అంటుకోనిది కట్టె తప్పుతోనే. విరిస్తే టప్పుమనాలి, వంగిందంటే తేమ ఉన్నట్టే. ముందు కొబ్బరి పీచు, దానిమీద అగ్గిపుల్లంత సన్నటి పుల్లలు రెండు గుప్పిళ్లు, తర్వాత పెన్సిలంత, చివరికి బొటనవేలంత. దగ్గర దగ్గర పేర్చితే గాలాడక పొగే వస్తది. పొయ్యి చుట్టూ 2 మీటర్లు గడ్డి చెక్కి, రెండు బకెట్ల నీళ్లు పెట్టండి. ఆర్పినంక బూడిదను కలియబెట్టి, మళ్లీ నీళ్లు పోయండి. తాగనీకి మనిషికి 4 లీటర్లు.