పాత రిజిస్టర్ల గదిలో బూజు: ఫ్యూమిగేషన్ కన్నా ముందు గాలిలోని తేమ సంగతి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చెన్నై పశ్చిమ మాంబళంలో తెలుగు సంఘం ఆఫీసు, మేడ మీద గదిలో పాత మినిట్స్ పుస్తకాలు, చందా రిజిస్టర్లు, ఆస్తి కాగితాలు. పగటిపూట ఏసీ వేస్తున్నా ముక్కవాసన పెరిగింది, తలుపు తీస్తే తుమ్ములు. ఫ్యూమిగేషన్ (గదికి మందు పొగ పెట్టడం) చేయించాలా, గాలిలో బూజు ఎంతుందో చూసే పరీక్ష చేయించాలా అని అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దు. మీ వివరాల్లో నాకు ముందు అనుమానం వచ్చింది ఆ ఏసీ మీదే.

బయట 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉందనుకోండి. చెన్నైలో ఇది చాలా మామూలు గాలి. అదే గాలి తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చి, 24 డిగ్రీలకు చల్లబడిన గోడకో బీరువా వెనక రేకుకో తగిలితే అక్కడ తేమ 100 శాతం అవుతుంది, అంటే నీరు పడుతుంది. ఏసీ నడిచినంతసేపు కొంత నీటిని బయటికి లాగుతుంది. సాయంత్రం ఆపి తాళం వేశాక ఏసీ లోపలి చల్లటి కాయిల్ మీద మిగిలిన నీరు తిరిగి గదిలోకే ఆవిరవుతుంది, బయటి గాలి కూడా చేరుతుంది. కాగితాల కట్టలు మాత్రం తెల్లవారేదాకా చల్లగానే ఉంటాయి. బూజు (ఫంగస్) లెక్కచేసేది గది మధ్యలో ఉన్న తేమను కాదు, కాగితాన్ని అంటుకుని ఉన్న గాలిలోని తేమను. అది 65 శాతం లోపు ఉంటే దాదాపు ఏ ఫంగసూ పెరగదు. 75 దాటి రోజుల తరబడి ఉంటే ఏ మందూ దాన్ని ఆపలేదు.

కాబట్టి మొదటి ఖర్చు మూడు తేమ డేటా లాగర్లకు (తేమను కొలిచి తమంతట తామే రాసుకునే చిన్న పరికరాలు) పెట్టండి. ఒకటి గది మధ్యలో, ఒకటి బయటి గోడకు ఆనుకున్న అర వెనక, ఒకటి బీరువా లోపల. 15 నిమిషాలకోసారి రాసుకునేలా పెట్టి రెండు వారాలు వదిలేయండి. చవక లాగర్లు 5 నుంచి 10 శాతం దాకా తప్పు చూపిస్తుంటాయి, కాబట్టి ముందే సరిచూసుకోవాలి. చిన్న గిన్నెలో ఉప్పు వేసి, కరగకుండా ముద్దలా తడిసేంత నీరు మాత్రమే పోసి, లాగర్‌తో పాటు గాలి చొరబడని డబ్బాలో 12 గంటలు ఉంచండి. అది 75 శాతం చూపాలి. 80 చూపితే దాని లెక్కల్లో 5 తీసేయండి. రాత్రి 9 నుంచి ఉదయం 8 దాకా లాగర్ చూపే తేమ గీత పైకి ఎగబాకుతోందంటే కారణం దొరికినట్టే.

ఇక నీరు వచ్చే దారులు. మేడ మీది గది అన్నారు కాబట్టి డాబా మీది వెదరింగ్ కోర్సులో (ఎండవానల నుంచి కాపాడే పై పొర) పగుళ్లు, పెంకుల సందులు, వాన గొట్టం గోడలో దిగే చోటు చూడండి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం మొదలయ్యేలోపు ఈ పని అయిపోవాలి. అరలను గోడకు కనీసం 10 సెంటీమీటర్లు జరపండి, అడుగు అర నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. తలుపులకు, కిటికీలకు రబ్బరు పట్టీ వేయించి, ఆ తర్వాతే డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను లాగే యంత్రం) కొనండి. రోజుకు ఇంత నీరు లాగుతుందని పెట్టె మీద రాసే లీటర్లు చాలావరకు 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచినవి. మీకు కావలసిన 55 శాతం దగ్గర అందులో సగం వచ్చినా గొప్పే. బకెట్ నిండగానే యంత్రం ఆగిపోతుంది కాబట్టి పైపు పెట్టి బయటి మోరీలోకి వదలండి, రాత్రంతా నడవనివ్వండి. బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాలు గాలి పొడిగా ఉంటుంది, అక్కడ కిటికీలు తెరిచినా పనవుతుంది. చెన్నైలో అలా చేస్తే తేమను మనమే లోపలికి పిలిచినట్టు.

శుభ్రం చేయడం తేమ తగ్గాకే. తడి బూజును తుడిస్తే కాగితం పోగుల్లోకి దిగి మరక శాశ్వతమవుతుంది. ఎండాక అది పొడిలా లేస్తుంది. ఆ పొడిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు స్పోర్లు (విత్తనాల్లాంటి కణాలు) 2 నుంచి 4 మైక్రాన్లే, ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్తాయి. ఎన్95 మాస్కు, నైట్రైల్ చేతిగ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్లను దయచేసి ఈ పనికి పెట్టకండి. సీలింగ్ ఫ్యాన్, ఏసీ రెండూ ఆపాలి. మామూలు ఇంటి వాక్యూమ్ క్లీనర్ స్పోర్లను వెనక నుంచి గదంతా చిమ్ముతుంది. అతి సన్నని పొడిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదే వాడండి. వాక్యూమ్ గొట్టం మూతికి నెట్ గుడ్డ కట్టి, మెత్తని కుంచెతో పొడిని దానివైపు నెట్టండి. ముందు అట్టలు, కుట్టు, అంచులు, తర్వాత పేజీలు. ఎండలో ఆరబెడితే సిరా వెలుస్తుంది, కాగితం పెళుసవుతుంది. వానకు తడిసిన పుస్తకం ఉంటే 48 గంటల్లోపు ఆరబెట్టాలి. వీలుకాకపోతే బటర్ పేపర్‌లో చుట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. బూజు చావదు, పెరుగుదల ఆగుతుంది, మీకు సమయం దొరుకుతుంది.

ఫ్యూమిగేషన్ గురించి గట్టిగానే చెప్తాను. అందులో వాడే ఫార్మాల్డిహైడ్, ఇథిలీన్ ఆక్సైడ్ వాయువులు రెండూ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని తేలినవే. ఇక గాలిలోంచి కొత్త స్పోర్లు వచ్చి పడుతూనే ఉంటాయి. పొగ పెట్టిన మరునాడే తేమ 80కి వెళ్తే కథ మొదటికొస్తుంది. చచ్చిన స్పోర్లు కూడా తుమ్ములు తెప్పిస్తాయి, వాటిని తీసేయాల్సిందే. బీరువాలో నాఫ్తలీన్ ఉండలు పురుగులకే గానీ బూజుకు కాదు.

గాలి పరీక్ష శుభ్రం చేసి, తేమ తగ్గించాక చేయించండి, పని ఫలించిందో లేదో తెలుస్తుంది. బూజు మొలిచే జెల్లీ పోసిన ప్లేటును మూత తీసి అరగంట పెట్టి వెళ్లే ల్యాబ్‌లు ఉన్నాయి. అందులో బరువైన స్పోర్లే పడతాయి, ఎంత గాలిలోంచి పడ్డాయో తెలియదు. నిమిషానికి 28.3 లీటర్ల గాలి లాగి ప్లేటు మీదికి కొట్టే ఇంపాక్టర్ అనే పరికరం అడగండి. 3 నిమిషాలకు 85 లీటర్లు; ప్లేటు మీద 17 బూజు మచ్చలు మొలిస్తే ఘనపు మీటరు గాలికి 200. ప్లేటులో పోసే జెల్లీల్లో మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అగార్‌తో పాటు డీజీ18 అనేది కూడా పెట్టమనండి, ఎందుకంటే పాత పుస్తకాల మీద తక్కువ తేమలో పెరిగే కొన్ని ఆస్పర్‌జిల్లస్ రకాలు మొదటిదాని మీద మొలవవు. అదే గంటలో డాబా మీద కూడా నమూనా తీయాలి. ఇంత దాటితే ప్రమాదం అనే అంకె లేదు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేమ, బూజు మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ అలాంటి హద్దు పెట్టలేదు. బూజు రకాల్లో బయటికన్నా లోపల పెనిసిలియం, ఆస్పర్‌జిల్లస్ బాగా ఎక్కువుంటే మూలం గదిలోనే ఉంది. క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా ఎక్కువగా బయటి నుంచి వచ్చేవే. కీటోమియం అనే రకం కనిపిస్తే మాత్రం ఎక్కడో కాగితమో అట్టో నీళ్లలో నానుతోందని అర్థం, డాబా మళ్లీ చూడండి. స్టాకీబోట్రిస్ అనే నల్ల బూజు స్పోర్లు జిగురుగా ఉండి గాలిలోకి సులువుగా లేవవు, రిపోర్టులో లేదంటే గదిలో లేదని కాదు. నల్లమచ్చల మీద పారదర్శకమైన టేపు అంటించి తీసి, మైక్రోస్కోపు కింద చూడమని ల్యాబ్‌కు ఇవ్వండి.