నీ పద్నాలుగు పాటల సంగతి

అమ్మాయ్,

నీ పాటల నాటకం స్క్రిప్టు అంది చాలా రోజులైంది. అందిందని ఆ రోజే ఓ మెసేజ్ పడేయొచ్చు, పడేయలేదు, ఎందుకంటే స్క్రిప్టు కన్నా ముందు నువ్వు పైన పెట్టిన లెటర్ చదివాను, చదివాక ఒళ్ళు మండి మొత్తం కట్టని టీవీ కింద అరలో తోసేశాను. "తెలుగులో మ్యూజికల్ థియేటర్ అన్నదే లేదు మాస్టారూ, ఆ లోటు తీర్చాలని నా చిన్న ప్రయత్నం" అట. ఏ ఊరమ్మా మీది? ఆమదాలవలస పక్కన అని నువ్వే రాశావు. అక్కడ పుట్టి ఈ మాట ఎలా వచ్చింది నీ నోట? ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బళ్ళారిలో పాటలూ పద్యాలూ పెట్టి నాటకం ఆడించింది 1887లో. కడప జిల్లాలో సురభి వాళ్ళు అంతకు రెండేళ్ళ ముందే మొదలెట్టారు, ఇంటిల్లిపాదీ వేషాలేసుకుంటూ తరాలకి తరాలు ఊళ్ళు తిరిగారు. అంత దూరం ఎందుకు, మన అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు కాళ్ళకి గజ్జెలు కట్టి చేత్తో చిరతలు పట్టుకుని ఒక్కడే పాడి, ఆడి, మధ్యలో వచనం చెప్పి, మళ్ళీ పాటెత్తుకుని రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టేవారు. ఆయన్ని 1919లో విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్‌ని చేశారు. మ్యూజికల్ అని బోర్డు కట్టుకోలేదు కాబట్టి ఇదంతా లెక్కలోకి రాదా?

తర్వాత పేజీన్నర నిండా నీ చిన్నప్పటి ఇన్‌ఫ్లుయెన్సులు. ఓటీటీలో చూసిన బ్రాడ్‌వే షోలు, ఇంగ్లీషు కార్టూన్ సినిమాల పాటలు, కాలేజీ ఫెస్టులు, అమెరికాలో మ్యూజికల్స్ రాసిన సోండ్‌హైమ్ ఇంటర్వ్యూలు. అన్నీ అయ్యాక చివర్లో, ఏదో అప్లికేషన్ ఫారంలో ఖాళీ మిగిలిందని నింపినట్టు, "మా అమ్మమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీలో పనిచేసేది, పని చేస్తూ పాడేదట" అని ఒక్క ముక్క. ఈ ముక్క బుర్రలో ఉండిపోబట్టే మళ్ళీ ఆ కట్ట బయటికి తీశాను. లేకపోతే అక్కడే ఉండేది.

రెండో సీను బాగుంది. చాలా బాగుంది. ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుని కాలితో మిషన్ నొక్కుతూ జీడిపిక్కలు కొడుతుంటారు, పెద్దామె కొత్తగా వచ్చిన గుంటకి పప్పు విరక్కుండా పిక్క ఎలా పెట్టాలో పాడుతూ నేర్పుతుంది, ఆ మిషన్ టక్కుమనే చప్పుడే తాళం. సూపర్‌వైజర్ నడిచొస్తే చప్పుడు ఆగదు, పాట మాత్రం సగం మాటలో ఆగిపోతుంది, వాడు దాటి వెళ్ళాక ఆ సగం మాట దగ్గర్నుంచే మళ్ళీ ఎత్తుకుంటుంది. అక్కడ పేజీ తిప్పకుండా కాసేపు కూర్చున్నాను. నూనె రాసుకోకపోతే జీడి చేతుల్ని తినేస్తుందే అని చెప్తూ చెప్తూ, తన వేలిముద్ర మిషన్‌లో పడక రేషన్ బియ్యం ఇవ్వలేదన్న సంగతి ఆవిడ నోట్లోంచి జారిపోతుంది చూశావూ, అది ఎవరు నేర్పారు నీకు? పాట మొదలైనప్పుడు ఆ గుంటకి పని రాదు, అయ్యేసరికి వచ్చేసింది. మొదలైనప్పుడు పెద్దామె మనకి గట్టి మనిషి, అయ్యేసరికి ఆవిడ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో అని మనకి బెంగ.

ఇక మూడో పాటకి వద్దాం. నీ హీరోయిన్ పలాస స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి నాకు బాధగా ఉంది అంటుంది. మొదటి చరణంలో బాధగా ఉంది, రెండో చరణంలో చాలా బాధగా ఉంది, మూడో చరణంలో వెన్నెల కూడా బాధగా ఉంది. పాట అయ్యేసరికి ఆ పిల్ల అదే ప్లాట్‌ఫాం మీద అదే బాధతో ఉంది. కనీసం రైలైనా రాలేదు. నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అన్నీ ఇదే బాపతు. నేను చెప్పేది ఒక్కటే, దీని గురించే ముప్పయ్యేళ్ళుగా అందరితో గొడవ పడుతున్నా, నీతోనూ పడతా: పాట ఎత్తుకున్నప్పుడు ఉన్న చోట పాత్ర పాట దింపేసరికి ఉండకూడదు. ఉందంటే ఆ పాట తీసేయొచ్చు, ఎవరికీ నష్టం లేదు.

ఇది ఎక్కడో అమెరికా పుస్తకంలో చదివి చెప్తున్నానని అనుకోకు. మా మేనమామ నాటకాలకి హార్మోనియం వాయించేవాడు, నన్ను తెర లాగడానికి తీసుకెళ్ళేవాడు. తెర పక్కన కూర్చుంటే స్టేజి సగమే కనబడుతుంది కానీ జనం మొత్తం కనబడతారు. సీను చప్పబడిందా లేదా అని తెలుసుకోవడానికి నాకో గుర్తుండేది. చీకట్లో మగాళ్ళ చుట్టలు వెలగడం మొదలైందంటే అక్కడ కథ ఆగిపోయిందని అర్థం. (ఆడవాళ్ళని చూస్తే ఏమీ తెలిసేది కాదు, మన వైపు ముసలమ్మలు అడ్డచుట్ట కాలుస్తారు కదా, నిప్పు నోటి లోపల, బయటికి ఏం కనబడుతుంది!) హరిశ్చంద్రుడు వేసే ఆయనొకడు ఒక్కో పద్యానికి రాగం ఎంతసేపు లాగేవాడంటే కాటిసీను మొదలెట్టాడంటే చాలు మైదానం నిండా ఎర్ర చుక్కలే. ముందు వరసలో నలుగురు వన్స్‌మోర్ అని అరిచేవాళ్ళు, వాళ్ళు నాటకం ఆడించే కాంట్రాక్టర్ మనుషులు.

అదే రాయబారం సీనులో ఒక్క చుట్ట వెలిగేది కాదు. ఎందుకో అప్పట్లో అర్థం కాలేదు, తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం పుస్తకం ముందేసుకుని కూర్చుంటే తెలిసింది. "చెల్లియో చెల్లకో" పద్యం తీసుకో, నాలుగే పాదాలు. నువ్వు చేసినవన్నీ వాళ్ళు ఓర్చుకున్నారు, అయిపోయిందేదో అయిపోయింది అని మొదలు. ఇప్పుడు నన్ను సంధికి పంపారు అన్నది ఆ తర్వాత. నీ పిల్లాపాపలూ ప్రజలూ బాగుండేలా పొత్తు కలుపుతావా, రేపే యుద్ధం పెట్టుకుంటావా అని రెండు దార్లు ఎదురుగా పెట్టేశాడు. చివర్లో స్పష్టంగా చెప్పు కౌరవేశ్వరా అని అవతలి వాడి మొహం మీదకి విసిరాడు. ఇప్పుడు దుర్యోధనుడు నోరు తెరవక తప్పదు, తెరిస్తే సంధి అయినా అవ్వాలి, యుద్ధమైనా అవ్వాలి. పద్యం మొదలైనప్పుడు అది పలకరింపుల సభ, పద్యం దిగేసరికి పీకల మీదకొచ్చింది. మన పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి విన్నవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటారు, వెళ్ళి అడుగు, రాగం గురించి చెప్తారా మాట గురించి చెప్తారా.

ఇంకోటి గమనించు, ఆ పద్యం "రా" అని దీర్ఘం మీద ఆగుతుంది. నోరు పూర్తిగా తెరుచుకుంటుంది, మైకు లేని రోజుల్లో చివర చెట్టు కింద కూర్చున్నవాడికీ వినబడేది. నువ్వేమో అయిదో పాట పల్లవిని "నిర్బంధం" అని మూసేశావు, ఆ సున్నా దగ్గర పెదాలు మూసుకున్నాక పాడే పిల్ల గొంతు ఎక్కడ నిలబెట్టాలి? కాగితం మీద బాగానే ఉంటుంది, కాదన్ను. రాసిన ప్రతి లైనూ నిలబడి గట్టిగా పాడి చూడు, నీకు వరస రాకపోయినా పర్లేదు, ఊపిరి ఎక్కడ అయిపోతుందో తెలుస్తుంది.

అసలు నాకు అన్నిటికన్నా చిరాకేసింది భాష. డైలాగులో "ఏటే ఇంకా కూకున్నావేటి, ఎల్దుంపద" అన్న మనిషి పాట ఎత్తగానే "ఏకాంత నిశీధి తీరాన విరహవీణ మోగెను" అంటుందేమిటమ్మా? ఆ మధ్యలో ఏమైంది ఆవిడకి, దయ్యం పట్టిందా? రెండో సీనులో పెద్దామె మాట్లాడినట్టే పాడింది, అందుకే ఆ సీను బతికింది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు గారు మన యాసలోనే పాడారు, రాష్ట్రం మొత్తం ఆ యాసలోనే తిరిగి పాడింది, ఎవడూ డిక్షనరీ అడగలేదు.

సోండ్‌హైమ్ పేరు నీ లెటర్లో నాలుగు చోట్ల ఉంది. ఆయన చిన్నతనం కథ మాత్రం వదిలేశావు, నీకు పనికొచ్చేది అదే. ఆయన పుట్టింది 1930లో. అమ్మానాన్నా విడిపోయాక తల్లి పెన్సిల్వేనియాలో డాయిల్స్‌టౌన్ దగ్గర ఇల్లు తీసుకుంది, దగ్గర్లోనే ఆస్కార్ హామర్‌స్టీన్ ఉండేవాడు, మ్యూజికల్స్ రాయడంలో అప్పటికే పెద్ద పేరు. ఈ కుర్రాడు బళ్ళో ఉండగా ఓ మ్యూజికల్ రాసి, నేనెవరో తెలియనట్టు చదివి చెప్పండి అని ఇచ్చాడు. నా దగ్గరకొచ్చిన వాటిలో ఇంత చెత్త ఇంకోటి లేదు అన్నాడాయన. అని ఊరుకోకుండా ఎందుకు చెత్తో మొదటి స్టేజి డైరెక్షన్ దగ్గర్నుంచి మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి చెప్పాడు. చెప్పి నాలుగు పనులు ఇచ్చాడు: నీకు నచ్చిన నాటకాన్ని మ్యూజికల్‌గా రాయి, నచ్చినా లోపముందనుకున్న నాటకాన్ని రాయి, నాటకం కాని ఓ కథనో నవలనో తీసుకుని రాయి, చివరికి నీ సొంతం రాయి. సొంతం ఆఖర్న! నువ్వు ఆఖరుదానితో మొదలెట్టావు. ఆయన మొదటి ప్రొఫెషనల్ షో నిర్మాత చనిపోయి మూలపడింది, 1957లో వెస్ట్ సైడ్ స్టోరీకి పాటలు రాసేదాకా ఎవరికీ పెద్దగా తెలియదు, అప్పుడు వయసు 27. నువ్వేమో ఇరవై మూడుకే టైమైపోతోందని రాశావు.

నాకు హామర్‌స్టీన్ దొరకలేదులే. నాకు దొరికింది కాంట్రాక్టర్. కృష్ణుడు వేసే ఆయనే ఓ నాటకంలో రెండు వేషాలు కట్టాల్సొచ్చింది, కిరీటం విప్పి మీసం అంటించేదాకా జనం కదలకుండా ఉండాలి, "ఒరే ఏదో గిలుకుతావు కదా, కాపలావాడికి ఒక పాట రాయి" అన్నాడు కాంట్రాక్టర్. నేను రాసిన మొదటి స్టేజి పాట అదే. కాపలావాడు ఊరి సంగతులు చెప్పుకుంటూ పాడతాడు, అందులో ఆ ఊరి ప్రెసిడెంటు బాగు చేయించని బావి ఉంటుంది. ఏ ఊరెళితే ఆ ఊళ్ళో సాయంత్రం టీకొట్టు దగ్గర కూర్చుని, ఇక్కడ ఏది పాడైందర్రా అని అడిగి ఆ లైను మార్చేవాణ్ణి. ఒకచోట రోడ్డు, ఒకచోట బడి కప్పు. ఓ ఊళ్ళో ప్రెసిడెంటు ముందు కుర్చీలోనే ఉన్నాడు, లేచి వెళ్ళిపోతాడనుకున్నాం, రేపే చేయిస్తానని స్టేజి ఎక్కి మైకులో చెప్పాడు, చేయించాడో లేదో మాకు తెలీదు, మేం తెల్లారి బండెక్కేశాం. ఆ పాటకి డబ్బులు? కాంట్రాక్టర్‌నడగాలి. ఇప్పుడు లేడు.

తర్వాత నా సొంత నాటకం ఒక పత్రికకి పంపితే ఎడిటర్ గారు, పేరెందుకు, "పాటలు తొలగించి పంపినచో పరిశీలించగలము" అని కార్డు రాశారు. అప్పట్లో అదో ఫ్యాషన్, సాంఘిక నాటకమంటే ఎవరూ పాడకూడదు, పాడితే వాస్తవికత పోతుంది. ఒక పరిషత్తులో ఓ జడ్జి నా మొహం మీదే చెప్పాడు, మనుషులు మధ్యలో పాటెత్తుకోవడం అసహజమండీ అని. అదే రాత్రి అదే జడ్జి ఫస్ట్ ప్రైజు ఇచ్చిన నాటకంలో హీరో జనానికేసి తిరిగి అయిదు నిమిషాలు ఒంటరిగా ఉపన్యాసమిచ్చాడు. అది సహజమట! నాట్లేసేటప్పుడు పాడతాం, పెళ్ళిలో పాడతాం, చస్తే ఏడుస్తూ కూడా వరస కట్టి పాడతారు మా ఆడవాళ్ళు, తప్పెటగుళ్ళ వాళ్ళు గుండెల మీద రేకులు కొట్టుకుంటూ గెంతుతూ పాడతారు, వీళ్ళకి స్టేజి మీద పాడితే అసహజం. అలా పాటల్ని బయటికి నెట్టారు, ఆ ఖాళీలోకి రికార్డింగ్ డాన్సులొచ్చి కూర్చున్నాయి, ఇప్పుడు సభలు పెట్టి కళ చచ్చిపోయిందని ఏడుస్తారు. సరే, ఇది రాస్తే నా బీపీ పెరుగుతుంది.

నువ్వు అడిగినవి ఇంకా ఉన్నాయి, స్క్రిప్టుకి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, హైదరాబాద్‌లో ఎవరిని కలవాలి, ఇంగ్లీషులో కూడా రాస్తే నాటకోత్సవాలకి పంపొచ్చా వగైరా. వాటి జోలికి నేను పోను. ముందు పలాస వెళ్ళు. మీ అమ్మమ్మ లేకపోతే ఆవిడతో పనిచేసిన వాళ్ళు ఎవరో ఒకరుంటారు. వాళ్ళేం పాడేవారో అడక్కు, అడిగితే సిగ్గుపడి సినిమా పాట పాడతారు. పని చేస్తుంటే పక్కన కూర్చో, చేతులు ఎప్పుడు ఆపుతున్నారో చూడు, మాట ఎక్కడ తెగుతోందో విను. నీ సూపర్‌వైజర్ అలాంటి చోట్నుంచి పుట్టినవాడే, అలాంటివాళ్ళు ఇంకో నలుగురు దొరికితే నాటకం అయిపోయినట్టే.

పైడితల్లమ్మ పండగకి సిరిమాను తిరిగే మంగళవారం మాత్రం మా ఇంటికి రాకు, ఆ రోజు విజయనగరంలో కాలు పెట్టే చోటుండదు, ఇంటినిండా చుట్టాలు. అది దాటాక ఏ రోజైనా పలాస ప్యాసింజర్ దిగి ఫోన్ చెయ్యి. పీడీఎఫ్ మాత్రం పంపకు, నాకు ఫోన్‌లో అక్షరాలు కనబడవు. రెండో సీను నువ్వే పాడి వినిపించాలి, మిషన్ చప్పుడుకి మా భోజనాల బల్ల ఉంది. మూడో పాట తీసేసి రా.