ఒక్కరి కేసు చదివితే థెరపీ ఎలా పనిచేస్తుందో తెలుస్తుందా?

మీరు అడిగింది ఇది: మీ తమ్ముడికి పానిక్ అటాక్స్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం) వస్తున్నాయి, డాక్టర్ సైకోథెరపీకి, అంటే మాటలతో, సాధనతో చేసే మానసిక చికిత్సకు వెళ్లమన్నారు. మీరు కూర్చుని కేస్ స్టడీలు చదివారు. ఒకదాంట్లో మనిషి పూర్తిగా బాగయ్యాడు, ఇంకోదాంట్లో ఏళ్లు గడిచినా ఏమీ మారలేదు. ఇలా ఒక్కొక్కరి గురించి చదివితే నిజంగా ఏమైనా తెలుస్తుందా, అవి ఉత్త కథలేనా అని.

తెలుస్తుంది. కాకపోతే థెరపీ ఎక్కువమందికి పనిచేస్తుందా లేదా అన్నది వాటివల్ల తెలియదు. దానికి వందలమందిని పోల్చి చూడాలి. 1952లో హాన్స్ ఐసెంక్ అనే మనస్తత్వవేత్త, థెరపీ లేకుండానే చాలామంది రెండేళ్లలో కోలుకుంటున్నారు కదా, మరి థెరపీ చేసిందేమిటని గట్టిగా నిలదీశాడు. 1977లో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ అనే పరిశోధకులు 375 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. థెరపీ తీసుకున్న సగటు మనిషి, తీసుకోనివాళ్లలో 75 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నట్టు తేలింది. మీ తమ్ముణ్ణి ధైర్యంగా పంపడానికి ఆ లెక్క చాలు. కానీ థెరపీ గదిలో ఏం జరిగి మనిషి మారతాడో అందులో కనపడదు. అది చూడాలంటే ఒక్క మనిషిని పట్టుకుని వారం వారం చూడాలి. నేను అలా దగ్గర్నుంచి చూసింది నా కేసునే. దాన్ని బట్టే చెప్తున్నాను.

మాది హనుమకొండ. నేను హుజూరాబాద్‌లో టీచర్‌ని, రోజూ కరీంనగర్ బస్సులో వెళ్లొస్తాను. ఒకరోజు హసన్‌పర్తి దాటాక ఉన్నట్టుండి గుండె దడ మొదలైంది. చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఎల్కతుర్తిలో దిగిపోయాను. తర్వాత ఈసీజీ, టూడీ ఎకో అన్నీ నార్మల్. "ఏం లేదమ్మా, టెన్షన్ పడకండి" అని పంపేశారు. మా అత్తమ్మ "గ్యాసే బిడ్డా, ఇంత వాము నములు" అనేది. మా అమ్మ దిష్టి తీసింది. వాళ్ల ప్రేమ నాకు చాలా అండగా ఉంది, కానీ భయం ఆగలేదు. బస్సుతో మొదలై లిఫ్టుకు పాకింది, ఆ తర్వాత భద్రకాళి గుడి క్యూలో నిలబడటానికి కూడా వణుకు వచ్చేది. మేడారం జాతరకు వెళ్లే ఆలోచనే మానేశాను.

చివరికి ఒక సైకియాట్రిస్ట్ మందులు మొదలుపెట్టి, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆ మేడం మొదటిరోజే ఒక కాగితం ఇచ్చి, నన్ను బాధపెట్టే మూడు సంగతులు నా మాటల్లోనే రాయమన్నారు. "బస్సులో ఊపిరాడక పోతానేమో", "లిఫ్టు ఆగిపోతే", "క్యూ మధ్యలో ఇరుక్కుపోతే". ఒక్కోదానికి సున్నా నుంచి పది వరకు ప్రతి వారం మార్కులు వేయాలి. అప్పుడది నాకు చాలా చిన్న పనిలా అనిపించింది. ఇప్పుడు మీకు చెప్పబోయేదంతా ఆ కాగితం వల్లే చెప్పగలుగుతున్నాను.

ఒక సెషన్‌లో ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వేగంగా, లోతుగా ఊపిరి తీసి వదలమన్నారు. నిమిషం కాకముందే కళ్లు తిరిగాయి, వేళ్లు జివ్వుమన్నాయి, గుండె కొట్టుకుంది. అచ్చం బస్సులో వచ్చినట్టే! ఊపిరి అతిగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దానివల్లే తిమ్మిర్లు, కళ్లు తిరగడం అని వివరించారు. 1986లో మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ పానిక్ గురించి చెప్పింది కూడా ఇదే. ఒంట్లో వచ్చే మామూలు మార్పును ప్రాణం పోతుందన్న సూచనగా అర్థం చేసుకుంటాం. ఆ భయం వల్ల గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అది చూసి ఇంకా భయపడతాం. నేనీ సంగతి అంతకుముందే యూట్యూబ్‌లో విన్నాను, దానివల్ల పెద్ద తేడా రాలేదు. నా ఒంటితో నేనే తెప్పించుకుని, అదంతటదే తగ్గడం చూశాకే నమ్మకం కలిగింది. ఆ తర్వాతి వారం బస్సు మార్కు ఒక్కసారిగా సగానికి పడింది.

ఇలా రెండు సెషన్ల మధ్య ఉన్నట్టుండి పెద్ద మెరుగుదల రావడం నా ఒక్కదానికే జరిగింది కాదు. 1999లో టోనీ టాంగ్, రాబర్ట్ డిరూబిస్ అనే పరిశోధకులు డిప్రెషన్‌కు థెరపీ తీసుకుంటున్నవాళ్ల మార్కులు విడివిడిగా చూస్తే, చాలామందిలో ఇలాంటి హఠాత్తు మెరుగుదలలు కనిపించాయి. దానికి ముందు సెషన్లో సాధారణంగా వాళ్ల నమ్మకం ఏదో మారి ఉంది. అందరి మార్కులూ కలిపి సగటు తీస్తే మెల్లగా దిగే నున్నటి గీత వస్తుంది. ఒక్కొక్కరిని చూస్తేనే ఆ మెట్టు కనపడుతుంది.

మీరు అడగొచ్చు, మందుల వల్ల తగ్గి ఉండొచ్చు కదా? అప్పుడే ఎండాకాలం సెలవులు కూడా వచ్చాయి కదా? ఇది సరైన ప్రశ్న, నేను కూడా చాలా ఆలోచించాను. మందులకైనా సెలవులకైనా బస్సు, లిఫ్టు, క్యూ అన్న తేడా ఉండదు. అవే కారణమైతే మూడు మార్కులూ ఇంచుమించు కలిసే దిగాలి. నా కాగితంలో అలా లేదు. మేం ముందు బస్సు మీద పనిచేశాం. తలుపు పక్క సీటు వదిలేయడం, నీళ్ల సీసా లేకుండా ఎక్కడం, మా ఆయనకు ఫోన్ చేయకుండా హుజూరాబాద్ దాకా కూర్చోవడం. బస్సు మార్కు దిగింది, లిఫ్టు మార్కు ఉన్నచోటే ఉంది. లిఫ్టు మీద సాధన మొదలయ్యాక అది దిగింది. క్యూ చివరిదాకా మొండికేసి, ఆషాఢంలో శాకంబరి ఉత్సవాల రద్దీలో నిలబడ్డాకే కదిలింది. మళ్లీ బడి తెరిచాక కూడా బస్సు భయం పెరగలేదు. మందులు నాకు ఆ సాధన చేసే ఓపిక ఇచ్చాయని ఇప్పటికీ నమ్ముతాను, వాటిని తక్కువ చేయను. కానీ ఏది ఎప్పుడు తగ్గిందో ఆ వరస చూస్తే సాధన చేసిన పని వేరుగా కనపడుతుంది. పరిశోధకులు ఒక్క మనిషి మీదే చేసే పరీక్షల్లో కూడా ఇదే పద్ధతి వాడతారు. ఒక సమస్య మీద పని మొదలుపెట్టి, మిగతావి కదలకుండా ఉన్నాయా అని చూస్తారు.

2002లో రాబర్ట్ ఇలియట్ అనే థెరపీ పరిశోధకుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒక కేసులో మార్పు థెరపీ వల్లే అని చెప్పే ముందు, కాదని వాదించే ఆధారాలన్నీ అంతే శ్రద్ధగా వెతకాలన్నాడు. రోగి థెరపిస్ట్‌ను మెప్పించడానికి బాగున్నానని చెప్తోందా? ఇంట్లో పరిస్థితి మారిందా? అసలు మార్పే లేదా? మీరు చదివిన కేసుల్లో ఈ ప్రశ్నలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ కేసును కొంచెం దూరం పెట్టి చదవండి.

ఆ ప్రశ్నలు వేసుకోకుండా రాసిన కేసుకు పాత ఉదాహరణ అనా ఓ. ఆవిడ అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. 1880 నుంచి 1882 వరకు వియన్నాలో జోసెఫ్ బ్రోయర్ అనే డాక్టర్ ఆమెకు చికిత్స చేశాడు. మనసులోది చెప్పుకుంటే లక్షణాలు తగ్గుతున్నాయని ఆమే గమనించి, దానికి మాటల చికిత్స అని పేరు పెట్టింది. 1895లో బ్రోయర్, ఫ్రాయిడ్ కలిసి అచ్చు వేసినప్పుడు ఆమె కోలుకున్నట్టే రాశారు. కానీ చికిత్స ముగిసిన కొద్ది వారాలకే, 1882లోనే ఆమె స్విట్జర్లాండ్‌లోని ఒక శానటోరియంలో (ఉండి చికిత్స తీసుకునే ఆస్పత్రిలో) చేరింది. ఆ శానటోరియం కాగితాలను హెన్రీ ఎలెన్‌బర్గర్ అనే చరిత్రకారుడు 1972లో బయటపెట్టాడు. తర్వాతి కాలంలో ఆమె ఆడవాళ్ల హక్కుల కోసం పెద్ద సంఘాన్నే నడిపింది. అంటే ఆమె జీవితం బాగుపడింది, కానీ ఆ కేసు చెప్పిన దారిలో కాదు. ఏళ్ల తరబడి జనం ఆ కేసు ముగింపును నమ్మి దాని మీద సిద్ధాంతాలు కట్టారు. నాకు ఇది తలుచుకుంటే కోపం వస్తుంది. ఆమె పడ్డ బాధలో సగం రాయకుండా వదిలేశారు కదా.

1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త రాసిన పీటర్ కేసు దీనికి పూర్తి భిన్నం. మూడేళ్లు కూడా నిండని పిల్లాడికి కుందేలంటే భయం. వాడు ఇష్టమైనది తింటున్నప్పుడు కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. గది మూలలో పంజరంలో ఉంటే ఊరుకున్నాడు, తర్వాత ఇంకాస్త దగ్గర, చివరికి వాడి వేళ్లను కుందేలు మెల్లగా కొరుకుతున్నా భయపడలేదు. ఆవిడ ప్రతి మెట్టూ రాసింది. మధ్యలో పిల్లాడికి జబ్బు చేసి ఆస్పత్రిలో ఉండటం, తిరిగొస్తుంటే ఒక పెద్ద కుక్క మీదికి దూకడం, తగ్గిన భయమంతా మళ్లీ రావడం కూడా దాచకుండా రాసింది. అందుకే అది ఇప్పటికీ పనికొస్తోంది. కుందేలు భయం పోయాక పీటర్‌కు దూది, ఈకలు, బొచ్చు కోటు అన్న భయాలు కూడా పోయాయి. నాకు బస్సు భయం తగ్గినా లిఫ్టు భయం అలాగే ఉండిపోయింది. సాధన ఒకచోట చేస్తే ఎవరిలో పాకుతుంది, ఎవరిలో పాకదు అన్న ప్రశ్న ఇలాంటి రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే పుడుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఆ మార్కుల్లో కనపడదు. మొదట్లో మేడం పెట్టిన లక్ష్యం ఒంటరిగా కరీంనగర్ వెళ్లిరావడం. నేను సరేనన్నాను కానీ మనసు ఒప్పలేదు, సాధన కూడా సాగలేదు. నాకు కావలసింది మంచిర్యాలలో మా అక్క కూతురి పెళ్లిలో అందరి మధ్యా కూర్చోవడం. ఒకరోజు అది చెప్పేశాను. ఆవిడ వెంటనే పాత ప్లాన్ పక్కన పెట్టి, కాజీపేటలో రైలెక్కడం నుంచి పెళ్లి మండపంలో కూర్చోవడం దాకా నాతోనే మెట్లు రాయించారు. ఆ తర్వాతే నాలో కదలిక వచ్చింది. థెరపీలో బంధం అంటే మంచిగా మాట్లాడటమే కాదు, దేనికోసం పనిచేస్తున్నాం, ఏం చేస్తున్నాం అన్న ఒప్పందం కూడా అని ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లో అన్నాడు. మనవైపు పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు చెప్తే తలూపడం అలవాటు. 1973లో సైకియాట్రిస్ట్ జస్వంత్ సింగ్ నేకీ మన దేశంలో థెరపీని గురుశిష్య సంబంధంగా చూడొచ్చని రాశాడు. అందులో బలం ఉంది, నేను కూడా ఆవిడను అలాగే చూసేదాన్ని. కానీ శిష్యురాలు తలూపితే లోపల ఒప్పుకుందో లేదో గురువుకు తెలియదు. మీ తమ్ముడు ఇంట్లో అందరిముందూ "సరే" అంటే, అది ఆయన మనసులో మాటేనా అని ఒక్కసారి విడిగా అడగండి.

ముందు ఒంటి జబ్బేమీ లేదని పరీక్షలతో తేల్చుకోండి. ప్రైవేటు ఫీజు కష్టమైతే వరంగల్‌లోని మన ఎంజీఎం ప్రభుత్వ హాస్పిటల్‌లో సైకియాట్రీ విభాగం ఉంది, టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416కు ఏ టైంలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. థెరపీ మొదలయ్యాక మూడు సమస్యలు ఆయన మాటల్లోనే రాసుకుని వారానికోసారి మార్కులు వేసుకోమనండి. మందు మార్చిన రోజు, ఇంట్లో గొడవ జరిగిన రోజు, సెలవు పెట్టిన రోజు పక్కన గుర్తు పెట్టమనండి. కొన్ని వారాలైనా ఏ మార్కూ కదలకపోతే ఆ కాగితమే తీసుకెళ్లి థెరపిస్ట్ ముందు పెట్టి, ఇప్పుడు ఏం మార్చాలో ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు.